స్టీరింగ్ దగ్గర కాపలా ఎవరిది?

పొగమంచు నెలల్లో గోదావరి జిల్లాల పేజీ తిరగేస్తే ఒక శీర్షిక తరచూ తగులుతుంది: ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’. ఊరి పేరు మారుతుంది. ఒకసారి తణుకు, ఒకసారి రాజానగరం, ఇంకోసారి జగ్గంపేట. వేళ మాత్రం పెద్దగా మారదు. తెల్లవారుజాము మూడు, నాలుగు, ఐదు. కింద చివరి వాక్యం కూడా దాదాపు ఒకటే: డ్రైవరుకు కునుకు పట్టడమే కారణమని పోలీసులు భావిస్తున్నారు.

ఇక మీదట ఆ వార్త రాయాల్సిన పని ఉండదని కార్ల షోరూములు చెబుతున్నాయి. అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపర్‌లో ఒక రాడార్. ముందు బండి నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తుంది, గీత దాటబోతే స్టీరింగ్‌ను వెనక్కి లాగుతుంది, గుద్దుకునేలా ఉంటే తనే బ్రేకు వేస్తుంది. దీన్నంతా కలిపి ‘అడాస్’ అంటున్నారు. మన దేశంలో 2020 అక్టోబరులో ఎంజీ గ్లోస్టర్‌లో వచ్చింది. మరుసటి ఏడాది మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వచ్చాక అందరి నోటా పడింది. 2024 జనవరిలో హ్యుందాయ్ క్రెటాలోకి దిగింది. ఒకప్పుడు నలభై లక్షల బండికే ఉన్న సొగసు ఇప్పుడు భీమవరం చెరువుల రైతు కారులోనూ, మండపేట మిల్లు యజమాని కారులోనూ ఉంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అత్తారింటికొచ్చే అల్లుడి కారులో సరే సరి.

షోరూముల మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పుతుందో డెల్టాలో బండి నడిపేవాళ్లకు తెలియడం అవసరం. ఎందుకంటే ఆ తేడా వాళ్ల రోడ్ల మీదే బయటపడుతుంది.

ముందు ఆగి ఉన్న లారీ సంగతే చూద్దాం. కదులుతున్న బండిని గుర్తుపట్టడం రాడార్‌కు తేలిక. కదలనిది దానికి చిక్కుప్రశ్న. హైవే మీద కదలనివి కోకొల్లలు: బోర్డులు, వంతెనలు, డివైడర్ రెయిలింగులు, దీపస్తంభాలు. ప్రతిదానికీ బ్రేకు వేస్తే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. అందుకని వేగంగా వెళ్తున్నప్పుడు, నిశ్చలంగా ఉన్న వాటి నుంచి వచ్చే సంకేతాలను చాలా వ్యవస్థలు పక్కన పెట్టేస్తాయి. కెమెరా దాన్ని లారీ అని తేల్చుకుంటేనే రంగంలోకి దిగుతాయి. నిలిచిపోయిన వాహనాలకు స్పందించకపోవచ్చని క్రూయిజ్ కంట్రోల్ పేజీలో హెచ్చరించే కార్ల మాన్యువల్స్ చాలానే ఉన్నాయి. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోంచి బయటికి తీసేవాళ్లు తక్కువ.

ఇదేదో మన రోడ్ల గొడవ అనుకోనక్కర్లేదు. ఆటోపైలట్‌లో నడుస్తున్న టెస్లా కార్లు రోడ్డు మీద ఆగి ఉన్న ఫైరింజన్లను, పోలీసు వాహనాలను గుద్దుతున్నాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 ఆగస్టులో దర్యాప్తు మొదలుపెట్టింది. అప్పటికి లెక్కలోకి వచ్చిన ప్రమాదాలు 11. ఎర్రదీపాలు గిర్రున తిరుగుతున్న ఫైరింజన్‌కే దిక్కు లేకపోతే, వెనక లైటు కూడా వెలగక మార్జిన్‌లో సగం, రోడ్డు మీద సగం నిలబడ్డ ఇసుక లారీ సంగతి చెప్పేదేముంది!

లోపం రాడార్‌ది మాత్రమే అయితే ఇంత కథ అక్కర్లేదు. రాడార్లు ఏడాదికేడాది మెరుగుపడతాయి. అసలు చిక్కు స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషిది.

స్వయంచాలక వాహనాలకు సున్నా నుంచి ఐదు దాకా మెట్లు ఉన్నాయి. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 2014లో గీసిన లెక్క ఇది. మన దేశంలో ఘనంగా అమ్ముతున్న అడాస్ రెండో మెట్టు. ఈ మెట్టు మీద స్టీరింగ్, యాక్సిలరేటర్, బ్రేకు మూడూ బండే చూసుకోవచ్చు. కానీ రోడ్డును చూడాల్సింది మనిషే, బాధ్యతా మనిషిదే. తిప్పక్కర్లేదు, తొక్కక్కర్లేదు, కానీ రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలి. వినడానికి సుఖంగా ఉన్న ఈ ఏర్పాటు నిజానికి మనిషికి అప్పగించగల పనుల్లో అతి కష్టమైనవాటిలో ఒకటి.

ఆ సంగతి కార్లు రాకముందే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం రాడార్ తెరలు చూసే బ్రిటిష్ వైమానిక సిబ్బంది కాసేపయ్యేసరికి తెర మీద మెరిసిన చుక్కను కూడా వదిలేసేవారు. ఎందుకో తేల్చమని నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన ఒక గడియారం లాంటిది చేయించాడు. ముల్లు ఒక్కో అడుగు వేస్తుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. దూకినప్పుడల్లా మీట నొక్కాలి. రెండు గంటల పరీక్ష. అరగంట గడిచేసరికే తప్పులు పెరిగాయి. కూర్చున్నవాళ్లు సోమరులు కారు, శిక్షణ పొందిన సైనికులు. 1948లో అచ్చయిన ఆ ఫలితాన్ని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు మళ్లీ మళ్లీ నిర్ధారించాయి. ఏమీ జరగని చోట, ఏదైనా జరుగుతుందేమోనని చూస్తూ కూర్చోవడం మనిషి మెదడుకు అరగంటకు మించి చేతకాని పని.

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఇంచుమించు 400 కిలోమీటర్లు. అరగంటలు ఎన్నో లెక్కేసుకోవచ్చు.

ఈ కథలో మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1991 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఆయనను వరించింది. ఆయన కాలంలోనే ఆ సంస్థలో నావ్‌ల్యాబ్ అనే పేరుతో తనంతట తాను నడిచే బళ్ల ప్రయోగాలు మొదలయ్యాయి. 1995లో అక్కడి పరిశోధకులు డీన్ పామర్లో, టాడ్ జోకెమ్ ఒక పాత పాంటియాక్ వ్యానులో పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియాగో దాకా 2,849 మైళ్లు వెళ్లారు. యాక్సిలరేటరూ బ్రేకూ మనుషులవి, స్టీరింగ్ కంప్యూటర్‌ది. దారిలో 98.2 శాతం కంప్యూటరే తిప్పింది.

పత్రికలు 98.2ను పొగిడాయి. మిగిలిన 1.8 శాతం అంటే యాభై మైళ్ల పైమాటే. ఆ యాభై మైళ్లూ ఒక్కచోట లేవు, ఎప్పుడు వస్తాయో ముందే చెప్పి రావు. పామర్లో, జోకెమ్ నిద్రపోలేదు. ఆ యంత్రాన్ని తయారుచేసింది వాళ్లే, అది ఎక్కడ తడబడుతుందోనన్న కుతూహలంతోనే కళ్లు తెరుచుకుని కూర్చున్నారు. ఇవాళ అడాస్ బండి కొన్నవాడికి ఆ కుతూహలం వారం రోజులుంటుంది. ఆ తర్వాత నమ్మకం మొదలవుతుంది.

నమ్మకం ఎంత ఖరీదో 2016 మే 7న ఫ్లోరిడాలోని విల్లిస్టన్ దగ్గర తేలింది. ఆటోపైలట్‌లో వెళ్తున్న టెస్లా కారు, హైవేను అడ్డంగా దాటుతున్న భారీ ట్రైలర్ కిందికి దూసుకుపోయింది. కారు బ్రేకు వేయలేదు, మనిషీ వేయలేదు. ఆటోపైలట్ పనిచేసిన 37 నిమిషాల్లో డ్రైవరు చేతులు స్టీరింగ్ మీద ఉన్నట్టు నమోదైంది మొత్తం 25 సెకన్లు. రెండేళ్ల తర్వాత, 2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపేలో ఉబర్ ప్రయోగ వాహనం సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. ఆమె ఉనికిని యంత్రం 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. కానీ వాహనమా, సైకిలా, మరొకటా అని తేల్చుకోలేక ఆ సెకన్లన్నీ పోగొట్టుకుంది. కాపలాకు కూర్చోబెట్టిన ఉద్యోగి ఫోన్‌లో టీవీ కార్యక్రమం చూస్తున్నట్టు దర్యాప్తులో బయటపడింది.

సైకిల్ నడిపించుకుంటూ హైవే దాటే మనిషి అరిజోనాలో అరుదు కావచ్చు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గరో, కడియపులంక నర్సరీల ముందో నిలబడి పావుగంట చూడండి.

ప్రమాదం ముంచుకొచ్చాక మేలుకోమంటే మనిషికి ఎంతసేపు పడుతుంది? ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం సిమ్యులేటర్‌లో డ్రైవర్లను పరీక్షించి 2017లో ఫలితాలు వెల్లడించింది. తొందరేమీ లేని పరిస్థితిలో స్టీరింగ్ తీసుకోమని చెబితే కొందరు 1.9 సెకన్లలో తీసుకున్నారు, కొందరికి 25.7 సెకన్లు పట్టింది. ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. మొదటి మనిషి నలభై మీటర్లలో తేరుకున్నాడు. రెండో మనిషి తేరుకునేసరికి అర కిలోమీటరు దాటిపోయింది.

ఇక డెల్టాకు వద్దాం.

సంక్రాంతికి ముందు రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరిన కుటుంబం సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా హనుమాన్ జంక్షన్ చేరుతుంది. అక్కడి నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. నాలుగు వరుసల రోడ్డు, తెల్లటి గీతలు, మధ్యలో డివైడర్. అడాస్‌కు ఇంతకంటే అనువైన దారి మన దగ్గర తక్కువ. బండి హాయిగా పోతుంది, పిల్లలు నిద్రపోతారు. పక్క సీట్లో భార్య ఇంతకుముందు అరగంటకోసారి ‘ఏవండీ, నిద్రొస్తోందా, ఆపి టీ తాగుదామా?’ అని అడిగేది. ఆమె కూడా ఇప్పుడు బండి మీద భారం వేసి కన్ను మూసింది. నిద్రమత్తును పసిగట్టే సెన్సర్లు ఎన్ని వచ్చినా ఆ ప్రశ్నకు సాటి రావని ఒప్పుకోక తప్పదు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. తెల్లవారుజామున నాలుగింటికి సిద్ధాంతం దగ్గర పెనుగొండ వైపు, లేదా రావులపాలెం దగ్గర కొత్తపేట, అమలాపురం వైపు తిరగాలి. తిరిగిన రెండు కిలోమీటర్లలో రోడ్డు అంచు గీతలు మాయమవుతాయి. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ ఆకుపచ్చ నుంచి బూడిద రంగుకు మారుతుంది. అంతే, గీత చూసే సాయం సెలవు పుచ్చుకుంది. పెద్ద శబ్దమేమీ చేయదు. మూడు వందల కిలోమీటర్లకు పైగా పని లేక మొద్దుబారిన మనిషి చేతికి, ఆ ప్రయాణం మొత్తంలోకీ కష్టమైన ముప్పై నలభై కిలోమీటర్లు ఆ క్షణంలో వచ్చి పడతాయి.

అవి ఎలాంటి కిలోమీటర్లో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేలు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి బరకం కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో నల్ల బరకం కప్పిన ధాన్యపు కుప్ప ఏ కెమెరాకూ ఎవరూ నేర్పని వస్తువు. గడ్డి మోపులతో ట్రాక్టర్ వస్తుంది, దాని ఆకారం ట్రాక్టర్‌లా ఉండదు. చేపల బళ్లు నీళ్లు కార్చుకుంటూ పోయిన దారి జారుతుంది. దీని మీద పొగమంచు. రాడార్ మంచులోంచి కొంత చూడగలదు, కెమెరా చూడలేదు. రెండూ కలిస్తేనే పనిచేసే వ్యవస్థకు ఒక కన్ను మూసుకున్నట్టే.

అన్నిటికంటే గడ్డుది కాలువ. బ్రేకు వేయాలంటే ఎదురుగా ఒక వస్తువు ఉండాలి. మలుపు దగ్గర బండి నేరుగా పోతే ఎదురుగా ఉండేది వస్తువు కాదు, ఖాళీ. రాడార్ పంపిన తరంగం కొట్టుకుని తిరిగి రావడానికి అక్కడ ఏమీ లేదు. రెయిలింగ్ లేని ఏటిగట్టు మీద, గీత లేని కాలువ రోడ్డు మీద, ఇప్పుడు మనం కొంటున్న అడాస్‌కు ‘ఇక్కడితో రోడ్డు అయిపోయింది’ అని చెప్పేవాళ్లు లేరు.

మన దగ్గర దీనికోసం పనిచేస్తున్నవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్‌తో కలిసి హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తిరిగి తీసిన పది వేల చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను 2018లో విడుదల చేశారు. ఆటో, పశువులు అందులో వేర్వేరు వర్గాలు. యూరప్ చిత్రాల్లో రోడ్డు ఎక్కడ అయిపోతుందో స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ తారు పక్కన మట్టి ఉంటుంది, అవసరమైతే దాని మీదా నడపొచ్చు. అందుకని నడపదగ్గ మట్టికి, నడపరాని మట్టికి వాళ్లు వేరే పేర్లు పెట్టాల్సి వచ్చింది. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో మానవరహిత వాహనాల పరీక్షా క్షేత్రం ‘తిహాన్’ 2022 జులైలో ప్రారంభమైంది. ఆ బళ్లు కాలువగట్టు ఎక్కడానికి ఇంకా వ్యవధి ఉంది.

అంతకంటే మనకు పనికొచ్చే ప్రయోగం ఆర్టీసీ బస్సుల్లో జరిగింది. ‘ఐరాస్తే’ పేరుతో నాగపూర్‌లో 2021లో మొదలైన ప్రాజెక్టును ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ తదితర సంస్థలు తెలంగాణకు తెచ్చి, ఆర్టీసీ బస్సులు 200 వరకు ఎంచుకుని అడాస్ పరికరాలు బిగించాయి. కారుకూ దీనికీ తేడా ఉంది. బస్సులో ఆ పరికరం స్టీరింగ్ పట్టుకోదు, బ్రేకు వేయదు. నడిపేది మొత్తం డ్రైవరే. ముందు బండికి మరీ దగ్గరైనా, గీత దాటినా బీప్‌మని అరుస్తుంది, అంతే. ఆ అరుపులు ఏ చోట ఎక్కువ వస్తున్నాయో కూడబెట్టి, ఇంకా ప్రమాదం జరగని ప్రమాదకర స్థలాలను ముందే గుర్తిస్తారు. పదిమంది చనిపోయాక ‘బ్లాక్ స్పాట్’ బోర్డు పెట్టే మన పద్ధతికి ఇది తిరగబడ్డ పద్ధతి. ప్రమాదాలకు పేరుపడ్డ జొన్నాడ జంక్షన్‌కూ మోరంపూడికీ ఇలాంటి లెక్క ముందే ఉంటే ఎంత బాగుండేదో!

అమెరికా లెక్కలు కూడా ఇదే దారి చూపుతున్నాయి. తనంతట తాను బ్రేకు వేసే పరికరం వల్ల ముందు బండిని గుద్దే ప్రమాదాలు సుమారు సగానికి తగ్గాయని అక్కడి బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ తేల్చింది. అదే సంస్థ, స్టీరింగ్ కూడా బండే పట్టే రెండో మెట్టు వ్యవస్థల వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదని 2024లో చెప్పింది. పరధ్యానంలో పడ్డ డ్రైవరును పట్టుకోగలవా అని ఆ ఏడాది మార్చిలో 14 వ్యవస్థలను పరీక్షిస్తే 11 నాసిరకమని తేలాయి. ఒక్కటే ఫర్వాలేదనిపించుకుంది. మనిషికి యంత్రం కాపలా కాస్తే ప్రాణాలు దక్కుతున్నాయి. యంత్రానికి మనిషిని కాపలా పెడితే మంచె మీద ఎక్కించిన పిల్లాడిలా కాసేపటికే వాడి చూపు చేను వదిలేస్తోంది.

స్టీరింగ్ మీద చెయ్యి ఉందో లేదో చూసే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. దాన్ని మోసం చేయడానికి నీళ్ల సీసా కట్టేవాళ్లూ ఉన్నారు. సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, బండి తనే పోతోందని వీడియోలు తీసి పెట్టేవాళ్ల సంగతి సరే. 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో ఇరవై లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసి, డ్రైవరు ధ్యాసను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి.

ఆంధ్రా హైవేల మీద ఈ పని బకెట్టు నీళ్లతో జరుగుతోంది. రాత్రి పొద్దుపోయాక పోలీసులు బళ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే ‘ఫేస్ వాష్ అండ్ గో’ చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వక్కర్లేదు. చన్నీళ్ల ప్రభావం కాసేపే కావచ్చు, కానీ డ్రైవరు బండి దిగి నాలుగడుగులు వేస్తాడు. నిద్ర ముంచుకొస్తే పావుగంట పడుకోవడం తప్ప వేరే మందు లేదు, అది ఏ టాప్ మోడల్‌లోనూ రాదు.

2015 జూన్ 13న, అర్ధరాత్రి దాటాక, తిరుపతి నుంచి విశాఖ జిల్లాకు తిరిగి వెళ్తున్న యాత్రికుల తుఫాన్ వాహనం ధవళేశ్వరం బ్యారేజీ పిట్టగోడ దాటి కింద పడింది. 22 మంది పోయారు, ఒక్క బాలుడు మిగిలాడు. డ్రైవరు కునుకు తీసి ఉంటాడని అప్పట్లో అనుమానించారు. అలాంటి బళ్లకు, అంటే డ్రైవరు కాక ఎనిమిది మందికి పైగా ఎక్కే వాహనాలకు, బస్సులకు, లారీలకు ఆటోమేటిక్ బ్రేకు, గీత హెచ్చరిక, నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా ప్రకటించింది. డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవరు లేని కార్లను రానివ్వనని 2017 నుంచీ అంటున్న నితిన్ గడ్కరీ శాఖే అది. ఈ రెండు మాటల మధ్య వైరుధ్యం లేదు. డ్రైవరును ఉంచి, అతనికి తోడు ఇవ్వడం ఆ ముసాయిదా చేస్తున్న పని.

అది కొత్తగా తయారయ్యే బళ్లకే. ఇప్పుడు తిరుగుతున్న తుఫాన్లు, టాటా మ్యాజిక్‌లు, ఇసుక లారీలు ఇంకో పదేళ్లు ఇలాగే తిరుగుతాయి. ఇంటి కార్లు ఆ ముసాయిదాలో లేనే లేవు. వాటిలో చాలావరకు ఇప్పటికీ మధ్య రకం కొంటే సన్‌రూఫ్ వస్తుంది, నిద్రమత్తు హెచ్చరిక కావాలంటే ఇంకో లక్షో రెండు లక్షలో వేసుకుని పై రకానికి వెళ్లాలి.